తినలేదు, తాగాను

ఆ వారం డాక్టరమ్మ ఒళ్ళు అరిగిపోయిన చెప్పులా ఉంది. పొద్దంతా పురుళ్ళు, అవి తెమిలాక పరిశోధన. కడుపుతో ఉన్నవాళ్ళకొచ్చే షుగరు మీదే ఇన్నేళ్ళుగా ఆమె చదువూ, ఆలోచనా. మూడో నెల నిండకుండానే చాలామందికి పరగడుపు షుగరు ఎక్కువగా ఉంటోందనీ, అలాంటివాళ్ళకు అప్పుడే మందు మొదలెట్టాలనీ ఆమె తేల్చింది. పరిశోధనలో చేరినవాళ్ళకు ఇన్సులిన్ సూదులు ఇప్పటికే వేయిస్తోంది. వ్యాసం రాయడం అయిపోయింది. ఆ సాయంత్రం పత్రికకు పంపితే ఆస్పత్రుల పద్ధతే మారుతుంది. ఇది పంపాక ఒక ఆదివారమైనా మామూలు మనుషుల్లా పడుకుందామని భర్తకు మాటిచ్చింది. ఆవిడిచ్చిన మాటలన్నీ దాచుకోవడానికి బీరువా చాలడం లేదని ఆయన అన్నాడు.

ఆయన లెక్కల మాస్టారు. పొద్దున్నే టీ పెట్టడం ఆయన వంతు. రెండు గ్లాసుల్లో నురగ ఎక్కువున్నది ఎప్పుడూ ఆమెవైపే జరుపుతాడు, జరిపినట్టు కనపడకుండా. ఆ రోజు ఆస్పత్రి సిబ్బందికి ఏడాదికోసారి చేసే రక్తపరీక్ష. అది గుర్తొచ్చి, ఏమైనా తిన్నావా అని అడిగాడు.

"ఏమీ తినలేదు," అంది ఆమె, టీ ఊదుకుంటూ. సగం గ్లాసు అప్పటికే ఖాళీ.

మాస్టారు గ్లాసు వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "మరి అది గొంతు దిగాక గాలైపోతుందా, డాక్టరుగారూ?"

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. పరిశోధనకు రక్తం తీసేవాళ్ళకు ఆ ప్రశ్న నేర్పింది తనే. సూది గుచ్చేముందు "ఏమైనా తిన్నారా" అని అడగండి, లేదంటేనే తీయండి అని. తాగారా అని అడగమని ఎవరికీ చెప్పలేదు. ఏమైందని మాస్టారు అడిగితే, ఏం లేదంటూనే చెప్పులు వేసుకుంది.

ఆస్పత్రి వరండాలో షుగరు పరీక్షకు రక్తం ఇవ్వాల్సిన గర్భిణులు బెంచీ నిండా కూర్చుని ఉన్నారు. మొదటామె దగ్గర ఆగి, ఏమైనా తిన్నావా అమ్మా అంది. లేదు, పరగడుపే అందామె, బుద్ధిగా.

"ఏమైనా తాగావా?"

"టీ తాగానండీ. ఉత్త కడుపుతో వెళ్తే కళ్ళు తిరుగుతాయని మా అత్తయ్య చక్కెర ఇంకో చెంచా వేసి మరీ ఇచ్చింది."

పక్కామె పాలు తాగింది. ఆ పక్కామె పళ్ళరసం. ఇంకొకామె మంచినీళ్ళు తప్ప ముట్టలేదు, ఆ సంగతి కాస్త గర్వంగానే చెప్పింది. తాగితే తిన్నట్టెలా అవుతుందని చివరామె దబాయించేసరికి బెంచీ మొత్తం నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది గానీ, అటునుంచి అటే పై అధికారి గదికి నడిచింది.

విభాగం పెద్దాయన ఒకప్పుడు ఆమెకు పాఠాలు చెప్పినవాడు. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అందరూ తాగి ఉండరు, ఎవరో కొందరు, సగటులో సర్దుకుపోతుందిలే అన్నాడు.

"సగటుకు సూదులు వేయలేదండీ," అంది ఆమె. "మనుషులకు వేశాం. లేని జబ్బుకు ఎంతమంది నోరు కట్టుకున్నారో."

ఆయన వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. "మళ్ళీ మొదలెడితే నువ్వు రిటైరయ్యేలోపు తెమలదు, తెలుసుగా?"

"తెలుసండీ."

ఇన్నేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు అంటాడేమో అనుకుంది. అనలేదు. అని ఉంటే బాగుండేది, కనీసం ఒక ఏడుపు ఏడ్చి తేలికపడేది. ఇప్పుడు మందు వాడుతున్నవాళ్ళందరినీ పిలిపించి మళ్ళీ పరీక్ష చేస్తాననీ, తప్పు ప్రశ్న అడిగింది తనేనని చెప్తాననీ, వ్యాసం పంపననీ అంది. పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకుని, వెళ్ళు, బయట జనం కాచుకుని ఉన్నారన్నాడు. తలుపు దాకా వెళ్ళాక వెనకనించి, "టీ సంగతి నాకూ తట్టలేదమ్మా," అన్నాడు.

మళ్ళీ వరండాలోకి వచ్చేసరికి ఆమె మోకాళ్ళు పీకుతున్నాయి. టీ, పాలు తాగినవాళ్ళను రేపు రమ్మని, నీళ్ళు తప్ప ఏదీ గొంతు దిగకూడదని ఒక్కొక్కరికీ విడమరచి చెప్పింది. ఈలోగా కొత్తగా ఒక చూలాలు వచ్చి బెంచీ మీద చతికిలబడింది. డాక్టరమ్మ ఆమె ముందు నిలబడి, ప్రశ్న ఎలా అడగాలా అని ఒక్క క్షణం తడబడింది.

"పొద్దున లేచిన దగ్గర్నుంచి నీ నోట్లోకి ఏమేం వెళ్ళాయో చెప్పమ్మా. నీళ్ళతో సహా."

ఆ పిల్ల పెద్దగా ఊపిరి తీసుకుంది.

"అన్నీ చెప్పాలా? అయితే కూర్చోండి డాక్టరమ్మా. చాలా ఉంది."

అని పక్కకు జరిగింది. డాక్టరమ్మ కూర్చుంది.