పెద్ద డాక్టరుగారి నీలం ముక్కు

పదో తరగతి పిల్ల అరచేతులు నీలంగా కనబడేసరికి తల్లికి గుండె జారిపోయింది. వెంటనే ఆసుపత్రి ఎమర్జెన్సీ గదికి లాక్కొచ్చింది. చిన్న డాక్టర్లు చుట్టూ మూగి, ఒకరు గుండెజబ్బన్నారు, ఒకరు విషమన్నారు. పిల్లకు మాత్రం ఆకలి తప్ప ఏ బాధా లేదు. ఆ మాట చెప్పబోతే, "నువ్వుండవే, డాక్టర్లు మాట్లాడుతుంటే!" అని తల్లి కసిరింది.

పెద్ద డాక్టరుగారు వేంచేశారు. చెమట పట్టిన ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీర్ఘంగా ఆలోచిస్తూ తన ముక్కు రుద్దుకున్నారు.

"మణికట్టులో సూది గుచ్చి రక్తం తీయండి."

సూది పొడవు చూసి పిల్లకు పైప్రాణాలు పైనే పోయాయి. అంతలో ఆయన ముక్కూ నీలంగా కనబడింది. చిన్న డాక్టర్లందరూ చూశారు. చూసి, చూడనట్టు గోడలవైపు తిరిగారు.

చివరికి పిల్లే నోరు విప్పింది. "సార్, మీకూ వచ్చేసింది. ముందు మీకు గుచ్చుతారా?"

ఆయన అద్దంలో చూసుకుని అదిరిపడ్డారు. "నాకు సూదేమిటి? ముందు సబ్బు తెండయ్యా!"

సబ్బుకు ముక్కు రంగు వదిలింది. పిల్ల చేతులదీ వదిలింది. అప్పుడుగానీ ఆ పిల్ల వేసుకున్న కొత్త నీలం జీన్సు ప్యాంటు ఎవరి కంటా పడలేదు.

"ఇంతకీ ఏం జబ్బండీ?" అంది తల్లి.

"చాలా అరుదైన కేసమ్మా," అన్నారాయన, ముక్కు తుడుచుకుంటూ.