బండి ఒక్కపొద్దు

‘కాదు’ అనే మాట నా నోటికి రాదు. ఎదుటివాడి ముఖం కాస్త వాడితే చాలు, నా లోపల ఎవరో ముందే తలూపేస్తారు. పోయిన నెల అలా తలూపి నా మినీ ట్రక్కుకి రెట్టింపు లోడు ఎత్తాను. జూరాల దగ్గర వెనక టైరు పగిలింది. పక్కన నా భార్య నజ్మా ఉంది. బండి ఆమె పేరు మీదే ఉంది.

“ఇంకోపారి పాసింగ్ దాటితే బండి అమ్మేస్త,” అంది. అనడమంటే చేయడమే, నజ్మాకి.

పాసింగ్ అంటే కాయితం ప్రకారం బండి మోయదగ్గ బరువు. నా బండికి మనుషులతో కలిపి ఏడు వందల యాభై కిలోలు. నలభై కిలోల పల్లికాయ సంచులు పదిహేడు, నేను. అంతే.

శనివారం పొద్దున అమరచింతలో వెంకటయ్య కాక వాకిట్లో ఇరవై అయిదు సంచులు నిలబెట్టి ఉన్నాయి.

“అన్నీ ఎక్కియ్ మునవ్వరూ. గద్వాల మార్కెట్ల ఒక్కటే కుప్ప వెయ్యాలె.”

“పాసింగ్ జర తక్కువున్నది కాకా...”

“పదో తరగతి నువ్వే పాస్ గాలె. నీ బండికి పాసింగా?”

కాక భార్య అమృతమ్మ పక్కున నవ్వింది. నిజం చెప్పాలంటే భయం ఒప్పుకోవాలి. అబద్ధమే సులువు. శనివారాలు కాక ఒక్కపొద్దు ఉంటాడని గుర్తొచ్చింది.

“ఇయ్యాల బండికి ఒక్కపొద్దు కాకా. టైరు పగిలినంక మొక్కుకున్న.”

కాయితాన్ని ఎగతాళి చేసిన మనిషి మొక్కు అనగానే కండువా సర్దుకున్నాడు. గెలిచాననుకున్నాను.

“గట్లయితే ఇంక మంచిది. ఒక్కపొద్దంటే ఒక్క పూటే తినుడు. గా పూట కడుపునిండ తినాలె. అన్నీ ఒక్కపారే ఎక్కియ్!”

మా రోజా అని చెప్పాల్సింది. అందులో పొద్దుగూకేదాకా ఏమీ తినకూడదు.

కాక సంచులు ఎక్కిస్తున్నాడు. ఇరవై రెండోది పడగానే వెనక కమాను పట్టీలు మూలిగాయి. తాళం చెవి జేబులో వేసుకున్నాను. మొక్కులేవీ లేవని టైర్లకు తెలుసు.

“నాతోని కాదు కాకా,” అన్నాను. “ఒక్కపొద్దు లేదు, ఏం లేదు. ఆ దినం మస్తు భయమైంది. పదిహేడే ఏస్త. మిగిలినయి మల్లొచ్చి తీస్కపోత.”

గొంతు ఎవరిదో అనిపించింది.

“గీ ముక్క ముందుగాల చెప్తే నా నడుం మిగులుతుండె గదరా!” అని కాక ఐదు సంచులు దించాడు. తిట్లు మాత్రం సంచికి రెండు. తర్వాత దర్జాగా వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

నేను ఆయన్ను కిందినుంచి పైదాకా చూశాను.

“ఏంది గట్ల చూస్తవ్?”

“ఎన్ని కిలోలుంటవ్ కాకా?”

“ఎనభై.”

“అంటే రెండు సంచులు. నువ్వు దిగుతవా, అవి దించాల్నా?”

రెండో ‘కాదు’ మొదటిదంత కష్టంగా లేదు. కొంచెం రుచిగా కూడా ఉంది.

“సంచులను ముట్టకు,” అని కాక కిందికి దిగాడు. “నేను బస్సుకొస్త.”