చేప తిరిగేంత చోటు

మంగళవారం పొద్దున్న చేప తొట్టెకంటే పొడుగ్గా ఉంది. తొట్టె మూడడుగులు. చేప నాలుగడుగుల రెండంగుళాలు. అయినా చేప తొట్టెలోనే ఉంది, మూత కూడా సరిగ్గానే మూసుకుని ఉంది.

చంద్రకాంతమ్మ మెడలోని టేపు తీసి మళ్ళీ కొలుస్తుంది. కాకినాడ జగన్నాథపురంలో ముప్ఫై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న మనిషి, ఆమె కొలత తప్పదు. రెండోసారి నాలుగడుగుల మూడంగుళాలు వస్తుంది.

"తులసీ, నీ చేప పెరిగింది," అంటుంది.

సామాన్ల గదిలోంచి తోడికోడలు రామతులసి జవాబిస్తుంది. "పెరగలేదక్కయ్యా. అలిగింది."

రామతులసి చంద్రకాంతమ్మ మరిది భార్య. అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు లేరు. మూడు నెలల కిందట రామతులసి ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో బకెట్టు పట్టుకుని ఈ ఇంటికి వచ్చింది. బకెట్టులో ఈ చేప ఉంది. ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి. కొట్లో దాన్ని ఫ్లవర్‌హార్న్ అంటారు. రామతులసి మాత్రం అల్లుడు అంటుంది. అందరికంటే ముందు వాడికి పెట్టాలి, వాడి ఎదురుగా ఎవరూ కూర్చోకూడదు, ఎందుకు కోపమొచ్చిందో వాడు చెప్పడు. తోడుగా ఉంటుందని ఒకసారి ఇంకో చేపని వేశారు. సాయంత్రానికి దాని తోక మాత్రం మిగిలింది.

రామతులసి వచ్చినరోజే చంద్రకాంతమ్మ ఆమెని నిలబెట్టి కొలిచింది. పొడుగు అయిదడుగుల ఒక అంగుళం, భుజాలు పదహారంగుళాలు. ఎవరికి కుట్టినా లోపల మడతకి కొంచెం వదలడం ఆమెకి అలవాటు కాబట్టి అటూ ఇటూ వదిలి, "ఆరడుగులు పొడుగు, మూడడుగులు వెడల్పు. మనిషికి ఇంతకంటే ఏం కావాలి?" అని సామాన్ల గది చూపించింది. ఆ గది రామతులసికి బిగువూ కాదు, వదులూ కాదు. మంచి జాకెట్టులా ఉంది.

ఆ రోజు నుంచి ఇద్దరికీ పడడంలేదు. పులుసులో బెల్లం దగ్గర ఒక గొడవ, ఫ్యాను వేగం దగ్గర ఒకటి, చీపురు నిలబెట్టాలా పడుకోబెట్టాలా అని ఒకటి. వాళ్ళ మాటలకి వీధిలో పోయేవాళ్ళు సైకిలు దిగి నడుస్తారు. అయితే రామతులసి రాకముందు రెండేళ్ళపాటు ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ సంగతి చంద్రకాంతమ్మ ఎవరికీ చెప్పదు.

రామతులసి గదిలోంచి పెట్టె తెచ్చి గుమ్మం పక్కన పెడుతుంది.

"శుక్రవారం దాకా చూస్తానక్కయ్యా. వీడు తిరగడానికి చోటు కుదిరిందా సరే. లేదా, వీణ్ణి తీసుకుని నేనూ పోతాను."

"ఎక్కడికి?"

"మసలేంత చోటున్న దగ్గరికి."

"అలాగే పో. ఆ పెట్టె మాత్రం నడిచే దారికి అడ్డం పెట్టకు."

అని మిషను ముందు కూర్చుని చంద్రకాంతమ్మ ఒక జాకెట్టు చెయ్యి మొత్తం కుడుతుంది. తీసి చూస్తే సూదిలో దారం లేదు.

రంగుచేపల కొట్టు నడిపేది మీరావలి. అతని కొట్లో తొట్టెలకి అద్దాలుండవు. నీళ్ళే మూలలు తీరి చతురస్రంగా నిలబడి ఉంటాయి, వాటిలో చేపలు తిరుగుతుంటాయి. అద్దం వేరేగా తానులుగా చుట్టి బీరువాల్లో పెట్టి ఉంటుంది.

"కొలతలు తెచ్చాను," అంటుంది చంద్రకాంతమ్మ. "పొడుగు నాలుగడుగుల మూడంగుళాలు. వెడల్పు అడుగు. చుట్టూ రెండేసి అంగుళాలు వదులు."

"ఇదేం జాకెట్టాండీ?" అని నవ్వుతాడు మీరావలి. "ఆయ్, చేపకి ఒంటి కొలతకి తొట్టె కట్టకూడదండమ్మగారూ. ఒళ్ళు వంచకుండా అది గుండ్రంగా తిరగాలి. తిరిగితే తోక అద్దానికి తగలకూడదు. అసలు ఏ చేపండీ?"

ఆమె చెబుతుంది. అతను నవ్వు ఆపేస్తాడు.

"అయితే పొడుగు సంగతి వదిలెయ్యండి. కోపిష్టి చేపకి కోపం కొలవాలండి."

"కోపం ఎలా కొలుస్తారు?"

"దాని ఎదురుగా నిలబడండి. టేపు కొస దాని ముక్కు దగ్గర పెట్టించి, మీరు వెనక్కి నడవండి. ఎక్కడ అది బొప్పి దించి మామూలుగా చూస్తుందో, అక్కడ ఆగండి. అదీ తొట్టె పొడుగు."

"వెడల్పు?"

"అక్కడి నుంచి పక్కకి జరగండి."

చంద్రకాంతమ్మ అతని మాట వింటుంది కాని, లెక్కచెయ్యదు. చేతిలో ముప్ఫై ఏళ్ళ పనితనం ఉండగా చేపలకొట్టువాడు కొలతలు నేర్పడమేమిటి? నాలుగు గజాల అద్దం చింపించి, మడత పెట్టించి, సంచిలో వేసుకుని ఇంటికి వస్తుంది.

మధ్యాహ్నం కూర్చుని తొట్టె కుడుతుంది. సూది కింద అద్దం గంజి పెట్టిన కొత్త చీరలా గలగలమంటుంది. మూలల దగ్గర రెండు కుట్లు వేస్తుంది. చేపని అందులోకి మార్చాక చుట్టూ తిరిగి చూస్తుంది. ఎక్కడా ఒక్క ముడత లేదు. రెక్కల కింద, చంకల దగ్గర చాలామంది దర్జీలు దొరికిపోతారు, అక్కడ కూడా అతికినట్టు ఉంది.

చేప కదలదు. కదలడానికి వీలులేదు. కళ్ళు మాత్రం అటూ ఇటూ తిప్పుతుంది.

బుధవారం పన్నెండింటికి వీపు దగ్గర కుట్టు పిగులుతుంది. అద్దం రెండు ముక్కలై నేలమీద పడుతుంది. నీళ్ళు పడవు. అలవాటుకొద్దీ తొట్టె ఆకారంలోనే నిలబడి ఉంటాయి. చేప ఇప్పుడు అయిదడుగుల పైన ఉంది.

రామతులసి ఆ అద్దం ముక్కని ఎత్తి వెలుతురులో పట్టుకుని చూస్తుంది. కుట్టు పిగిలిన చోట వేలు పెట్టి నిమురుతుంది.

"ఎంత బాగా కుట్టావక్కయ్యా," అంటుంది. "అచ్చం నా గదిలా ఉంది."

చంద్రకాంతమ్మ రెండో ముక్కని మడిచి మిషను కింద పెడుతుంది. ఆ మధ్యాహ్నమంతా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. మౌనం గొడవకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. అన్నం తినడానికి ఇద్దరూ దాన్ని పక్కకి నెట్టుకుని కూర్చోవాల్సివస్తుంది.

గురువారం ఆమె కోపం కొలవడానికి లేస్తుంది.

"ఈ కొస పట్టుకుని దాని ముక్కు పక్కన నిలబడు," అని టేపు రామతులసి చేతికిస్తుంది.

"నన్ను కరిస్తే?"

"నువ్వు తిరిగి కరుద్దువుగానిలే."

చంద్రకాంతమ్మ చేప కళ్ళలోకి చూస్తూ వెనక్కి నడుస్తుంది. హాలు చివరిదాకా వెళ్ళినా చేప బొప్పి దించదు. వసారాలోకి దిగుతుంది. దించదు. టేపులో అరవై అంగుళాలే ఉంటాయి. అరవై తర్వాత అంకెలు లేవు గాని టేపు ఉంది. ఆమె మెడ మీంచి తెల్లగా, ఖాళీగా జారుతూనే ఉంది. వీధిలోకి వెళ్తుంది. సైకిలు షాపు దాటుతుంది. ఎదురొచ్చే రిక్షాలు టేపుని తొక్కకుండా చక్రాలు ఎత్తి దాటిస్తాయి. మందుల కొట్టు, ఐసు ఫ్యాక్టరీ దాటి ఉప్పుటేరు వంతెన ఎక్కుతుంది.

వంతెన నడిమధ్యకి వచ్చేసరికి చేప బొప్పి దించుతుంది. ఇంత దూరంనుంచి కూడా అది అరచేతిలో ఉన్నంత స్పష్టంగా కనిపిస్తుంది. బొప్పి మొదట ఉసిరికాయంత అవుతుంది, తర్వాత శనగగింజంత.

చేప పక్కన టేపు కొస పట్టుకుని రామతులసి కనిపిస్తుంది. సరిగ్గా అదే నిమిషంలో ఆమె భుజాలు కూడా కిందికి దిగుతాయి.

చంద్రకాంతమ్మ వంతెన మీంచి ఆ భుజాలని కంటితోనే కొలుస్తుంది. పదహారంగుళాలు కాదు, పద్నాలుగున్నర. ఆమె మళ్ళీ చూస్తుంది. పద్నాలుగున్నరే. మూడు నెలల కిందట తాను కొలిచింది బిగబట్టుకున్న భుజాలని. కొత్తగా వచ్చిన పిల్ల ఊపిరి బిగించి నిలబడితే దర్జీ మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది: భుజాలు వదులు తల్లీ. ఎన్ని వందలమందికి చెప్పిన మాట! ఆ ఒక్కరోజు, ఆ ఒక్క మనిషికి చెప్పలేదు.

ఆమె తన భుజాలు తడుముకుంటుంది. అవీ చెవులదాకా ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి దించుకుని, టేపు చుట్టుకుంటూ ఇంటికి వస్తుంది.

రాగానే కుట్లు విప్పే బ్లేడు తీసుకుని సామాన్ల గది గోడ దగ్గర చతికిలబడుతుంది. దగ్గరగా చూస్తే గోడ కచ్చాకుట్టు మీద ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రీ పొడుగాటి కుట్లు వేసి, తర్వాత పక్కాకుట్టు వెయ్యడం మరిచిపోయినట్టున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ లాగి చూడలేదు. ఆమె ఒక్కొక్క కుట్టే తెంపుకుంటూ పైదాకా వెళ్తుంది. గోడ మెల్లిగా ఒదిగి కిందికి జారుతుంది.

"పట్టు," అంటుంది.

గోడని మడత పెట్టాలంటే చీర మడత పెట్టినట్టే, ఇద్దరు కావాలి. చెరి రెండు కొసలూ పట్టుకుని దూరం జరగాలి, దులపాలి, దగ్గరికి రావాలి, కొసలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారాలి, మళ్ళీ దూరం జరగాలి.

"కొస వదిలెయ్యకు, నేలకి రాసుకుంటోంది."

"ఎప్పుడైనా వదిలానా?"

"మొన్న దుప్పటి వదల్లేదూ?"

"నువ్వు లాగావు కాబట్టి వదిలింది. గేదెని లాగినట్టు లాగుతావు."

"గేదె అయితే మాట వినేది."

ఇద్దరి ముఖాలూ జానెడు దూరంలోకి వస్తాయి. రామతులసి ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ముప్ఫై ఏళ్ళుగా తోడికోడలైన మనిషికి ఆ మచ్చ ఉందని చంద్రకాంతమ్మకి ఇప్పుడే తెలుస్తుంది. ఆమె ఓరగా చేపవైపు చూస్తుంది. చేప బొప్పి దించుకునే ఉంది.

పొద్దువాలేలోగా వంటింటి గోడ, హాలు గోడ, వీధి గోడ మడతలు పెట్టి కుట్టుమిషను కింద దొంతరగా పేర్చేస్తారు. ద్వారబంధం ఒక్కటీ ఉంచుతారు, వచ్చేవాళ్ళకి గుమ్మం తెలియాలి కదా. దాని పక్కన రామతులసి పెట్టె అలాగే ఉంది.

శుక్రవారం ఎనిమిదింటికి చేప తిరగడం మొదలుపెడుతుంది.

తొందరపడదు. ఒళ్ళు ఎక్కడా వంచదు. గడియారంలో చిన్నముల్లులా కదులుతుంది. నీళ్ళు దానితోపాటు వీధిలోకి జరుగుతాయి. తోక వెలుగుతున్న పొయ్యి మీదుగా వెళ్తుంది, మంట ఆరదు. ఆరేసిన చీరల మధ్యనుంచి వెళ్తుంది, అవి తడవవు. పదకొండింటికి తల సైకిలు షాపుమీద ఉంటుంది, షాపువాడు పంక్చరు వేస్తూనే ఒకసారి తలెత్తి పలకరిస్తాడు. తోక దేనికీ తగలదు.

ఇద్దరూ రెండు పీటలు వేసుకుని చూస్తుంటారు. ఒకే చెంబులో కాఫీ ఉంది.

"పులుసులో బెల్లం కొంచెం ఉంటేనే బాగుంటుందక్కయ్యా."

"కొంచెమంటే నీ లెక్కలో బెల్లం అచ్చంత."

"నీ లెక్కలో ఉప్పుగల్లంత."

ఒంటిగంటకి చేప పూర్తిగా తిరిగి, సముద్రంవైపు ముఖం పెట్టి ఆగుతుంది. చంద్రకాంతమ్మ లేచి టేపు పెట్టి కొలుస్తుంది. చేప జానెడుంది. బకెట్టులో వచ్చిన రోజు ఎంతుందో అంతే.

ఇక కొలవడానికేమీ లేదు. చంద్రకాంతమ్మ గుమ్మం పక్కనున్న పెట్టెవైపు చూస్తుంది.

"ఈవేళ శుక్రవారం," అని మాత్రం అంటుంది.

"తెలుసు," అని రామతులసి లేచి పెట్టె దగ్గరికి వెళ్తుంది.

అప్పుడు ద్వారబంధం అవతల ఎవరో గొంతు సవరించుకుంటారు. చూస్తే సముద్రం. తడి అంచు రెండు చేతులా మడిచి పట్టుకుని, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు గుమ్మంలో నిలబడి ఉంది.

"వదులు చేసేది ఇక్కడేనాండీ?" అంటుంది సముద్రం. "ఒడ్డు దగ్గర పట్టేస్తోంది."

చంద్రకాంతమ్మ టేపు కోసం మెడ తడుముకుంటుంది. టేపు లేదు. రామతులసి మెడలో ఉంది.

"నువ్వు మిషను దగ్గర కూర్చో అక్కయ్యా. కొలతలు నేను తీస్తాను," అంటుంది రామతులసి. సముద్రం భుజం అందదు. ఆమె కాలితో తన పెట్టెని దాని ముందుకి జరుపుకుని, పైకెక్కి నిలబడుతుంది. చెవిమీద పెట్టుకున్న సుద్దముక్క తీస్తుంది.

"ముందు భుజాలు వదలండి," అంటుంది సముద్రంతో. "బిగబట్టిన కొలత పనికిరాదు."

సముద్రం ఊపిరి వదులుతుంది. రేవులో ఓడలన్నీ ఒక్కసారిగా ఒకటిన్నర అంగుళం కిందికి దిగుతాయి. చంద్రకాంతమ్మ సూదిలో దారం ఎక్కిస్తుంది. రామతులసి టేపుని వెడల్పుగా పరిచి, అరవై పక్కనున్న ఖాళీలో సుద్దముక్కతో అరవై ఒకటి రాస్తుంది.