ఒక భుజానికి రెండు ధరలు

నా కుడిచెయ్యి చెవి దాకా లేవడం మానేసింది. భుజం పట్టేసింది. ఇస్త్రీ కొట్టు నడిపేవాడికి చెయ్యి లేవకపోతే ఇంకేం మిగులుతుంది? ఇస్త్రీపెట్టె మా ఆవిడ అందుకుంది. "మీరు మడతలు పెట్టండి చాలు" అనేది. నేను పెట్టిన మడతలు చూసి, విప్పి, మళ్ళీ తనే పెట్టేది.

డాక్టరు ఫిజియోథెరపీ చేయించుకోమన్నాడు. కోడలు తన ఆఫీసులో ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు తెచ్చి చేతిలో పెట్టింది.

"మామయ్యా, ఇందులో మీ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇది చూపిస్తే చాలు, ఇంకేం అడగక్కర్లేదు."

అడగకుండా నేను ఇంతవరకూ సూది కూడా కొనలేదు. మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. బొగ్గులు కొన్నా, దుప్పటి కొన్నా విడివిడిగా వెళతాం. ఒకరికొకరం తెలియనట్టే ధర అడుగుతాం. తర్వాత వీధి మలుపులో కలుసుకుంటాం. అమ్మేవాడు ఎవరికి తక్కువ చెప్పాడో వాళ్ళే వెళ్ళి కొంటారు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఇంతే.

ఆసుపత్రిలోనూ అదే చేశాం. అక్కడ రెండు కిటికీలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి నగదుకి, ఒకటి కార్డుకి. నేను నగదు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆవిడ కార్డు పట్టుకుని వచ్చింది.

"పెద్దాయనా, కాస్త జరుగుతారా?"

జరిగాను. ఇంట్లో నన్ను అంత మర్యాదగా ఎప్పుడూ అడగలేదు.

నా కిటికీలో కుర్రాడు ఒక్కసారికి ఐదొందలన్నాడు. పక్క కిటికీలో అమ్మాయి కంప్యూటరు మీద టకటకా కొట్టి, "పదిహేనొందలు" అంది.

"అమ్మో!"

ఆ మాట మా ఇద్దరి నోటా ఒకేసారి వచ్చింది. నేను దగ్గినట్టు సర్దుకున్నాను.

"మొత్తం మీరు కట్టక్కర్లేదమ్మా. తొమ్మిదొందలు ఇన్సూరెన్సు కంపెనీ ఇస్తుంది. మీరు ఆరొందలిస్తే చాలు."

"కార్డు లేకపోతే?"

"ఐదొందలు."

"అంటే కార్డున్నందుకు వంద ఎక్కువా?"

"ఎక్కువేంటమ్మా? మీకు తొమ్మిదొందలు ఆదా!"

మా ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ ఆదా ఏ కిటికీలో ఇస్తారమ్మా?"

అమ్మాయి నిట్టూర్చింది. "ముందు చూపించుకోండి. మొదటి పరీక్షకి డబ్బేం లేదు. నొప్పి ఎవరికి?"

నేను పక్కనే ఉన్నాను. కానీ మా పద్ధతి ప్రకారం నేనెవరో ఆవిడకి తెలియదు కదా.

"నాకే" అంది. "కుడి భుజం."

నర్సు వచ్చి ఆవిడని లోపలికి తీసుకుపోయింది. ధర తెలిసిపోయింది, ఏదో వంక చెప్పి బయటికొచ్చేస్తుందిలే అనుకున్నాను. ఇంతలో లోపల్నుంచి కేక. ఆవిడ తిట్టే గొంతూ, బేరమాడే గొంతూ నాకు తెలుసు. ఇది అవేవీ కాదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

"ఎవరండీ మీరు?" అన్నాడు ఫిజియోథెరపీ కుర్రాడు.

"ఆవిడ నా భార్య!"

బల్ల మీద కళ్ళు మూసుకునే, "ఈయనెవరో నాకు తెలీదు బాబూ" అంది మా ఆవిడ.

"చాల్లేవే, దిగు. బాబూ, నొప్పి నాకు. ఆవిడ ఊరికే ధర అడగడానికొచ్చింది."

"చెడగొట్టారు" అని ఆవిడ పళ్ళు నూరింది. "ఇంకాస్త ఆగితే తగ్గించేవాడు."

కుర్రాడు మాత్రం నవ్వలేదు. "ధర సంగతి నాకు తెలీదు పెద్దాయనా. ఈవిడ చెయ్యి సగం కూడా లేవడం లేదు. ఎప్పట్నుంచమ్మా?"

ఆవిడ గోడవైపు తిరిగింది. "పెట్టె అందుకున్నప్పట్నుంచి."

కుర్రాడు నా చెయ్యి కూడా ఎత్తి చూశాడు.

"మీది కొంత ఆగుతుంది. ఈవిడకి వెంటనే మొదలుపెట్టాలి. ఇంకా పెట్టె మోస్తే చెయ్యి పూర్తిగా బిగుసుకుపోతుంది."

మేం తెచ్చుకున్నది ఒక్క భుజానికి సరిపడా డబ్బు. మళ్ళీ నగదు కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"రెండు భుజాలు కలిపి తీసుకుంటే ఎంతకిస్తారు?"

"వెయ్యి. ఇవి దుప్పట్లు కావు పెద్దాయనా, జతకి తగ్గించడానికి."

ఐదొందలు తీసి ముందు పెట్టాను. "ఆవిడ పేరు రాయండి."

వెనకే వచ్చింది. "ఏమండీ, మీ చెయ్యి బాగవకపోతే కొట్టు ఏంగాను?"

"నీ చెయ్యి కూడా పోయాక కొట్టు తెరిచి ఎవర్ని నిలబెడతావే? వెళ్ళి పడుకో. లోపల ఆ కుర్రాడు నీకేం చేయిస్తాడో చూసి నేనూ నేర్చుకుంటా. చూసినందుకు డబ్బు తీసుకోరుగా?"

"తీసుకోం" అన్నాడు కిటికీలో కుర్రాడు, దణ్ణం పెడుతూ.

ఇప్పుడు కొట్టు సగం పూటే తీస్తున్నాం. తీసేముందు ఇద్దరం గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళని దానిమీద మెల్లగా పైకి పాకిస్తాం. ఎక్కడిదాకా అందితే అక్కడ సుద్దముక్కతో గీత. ఆవిడ గీత నా గీతని దాటేసింది. రోజూ నాకు చూపిస్తుంది.

నిన్న తేలికపాటి ఇస్త్రీపెట్టె కొనడానికి వెళ్ళాం. అలవాటు కొద్దీ నేను ముందు దూరి ధర అడిగాను. కాసేపటికి ఆవిడ వచ్చింది.

"పెద్దాయనా, కాస్త జరుగుతారా?"

"ఈవిడ నా భార్యండీ" అన్నాను కొట్టువాడితో.

వాడు పైసా తగ్గించలేదు. ఇంటికొచ్చేదాకా ఆవిడ తిడుతూనే ఉంది. పెట్టె నేనే మోశాను, ఎడమ చేత్తో.