ఆదివారం పాలు

"నోరు కడుక్కొచ్చావా?"

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మా అత్తయ్య అడిగే మొదటి మాట ఇదే. తిన్నావా, కాళ్ళు లాగుతున్నాయా, కాసేపు నడుం వాలుస్తావా లాంటివన్నీ మా ఆయన కోసం దాచి ఉంచుతుంది. నాకు మాత్రం నోటి తనిఖీ. "కడుక్కున్నానత్తయ్యా, రెండుసార్లు" అన్నా ఊరుకోదు. నా భుజం మీది సంచీ అందుకునే నెపంతో దగ్గరికొచ్చి ఓసారి ముక్కు ఎగబీలుస్తుంది. ఆ పరీక్ష నెగ్గితే బుడ్డోడు నా చేతుల్లోకి వస్తాడు. వాడికి ఈ పరీక్షలతో పనిలేదు. నా వాసన తగలగానే రెండు చేతులూ చాచి, ఆకలిగొన్న దూడలా నా జాకెట్టు మీద పడతాడు.

నా ఉద్యోగం బీరు కంపెనీలో. రుచి చూడడం. నవ్వొచ్చినా నిజం అదే. పెద్ద పెద్ద ట్యాంకుల్లో తయారైన సరుకు సీసాల్లోకి దిగేముందు ఐదుగురం ఒక గదిలో బల్ల చుట్టూ కూర్చుని, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఓ గుక్క నోట్లో తిప్పి, ఇది పోనివ్వొచ్చు, ఇది ఆపాలి అని చెబుతాం. నలుగురు మగవాళ్ళు, నేనూ. ఒక ట్యాంకు వెన్న వాసన కొడుతుంది, ఇంకోటి ఉడికిన మొక్కజొన్న కంకిలా ఉంటుంది, పాతబడిన సరుకు తడిసిన అట్టపెట్టెను తలపిస్తుంది. చాలామందికి ఇవి తెలియవు. నాకు తెలుస్తాయి. ఈ ముక్కు కాలేజీలో వచ్చింది కాదు. మా అమ్మ గేదె పాలు ఓ చుక్క నాలుక మీద వేసుకుని, అది ఏ గట్టున ఏ గడ్డి మేసొచ్చిందో చెప్పేది. కాలేజీ చేసిందల్లా ఆ ముక్కుకి ఒక సర్టిఫికెట్ ఇవ్వడమే.

పెళ్ళయిన కొత్తలో నా జీతం విని మా అత్తవారు మురిసిపోయారు. పని ఏమిటో విని కొంచెం తగ్గారు. చుట్టాలకి మాత్రం "మా కోడలు ఫుడ్ టెస్టింగులో పెద్ద ఆఫీసరు" అని చెప్పుకునేవాళ్ళు. నేనూ కాదనలేదు. బీరు కూడా కడుపులోకే పోతుంది కదా.

చిక్కంతా బుడ్డోడు పుట్టాక వచ్చింది. సెలవు అయిపోయి మళ్ళీ పనిలోకి వెళ్ళేముందు మా డాక్టరమ్మని అన్నీ అడిగి తెలుసుకున్నాను. బీరు రుచి చూసేవాళ్ళు ప్రతి గుక్కా ఉమ్మేస్తే కుదరదు, చేదు గొంతు వెనకాల తెలుస్తుంది కాబట్టి కొంచెమైనా మింగాలి. మొత్తం కలిపితే అరగ్లాసు కూడా ఉండదు, అదీ పొద్దున పదకొండింటికి. డాక్టరమ్మ అంతా విని, "అసలు తాగకపోతే ఏ దిగులూ లేదు. తాగితే రెండు మూడు గంటలు ఆగి పట్టు. రక్తంలోంచి దిగిపోతే పాలల్లోంచీ దిగిపోతుంది" అంది. ఇది నా ఉద్యోగం డాక్టరుగారూ అంటే, "ఖాళీలుంటే నాకూ చెప్పు" అని నవ్వింది. అందుకే పదకొండుకి ముందే లేబుళ్ళ కట్టలు పేర్చిన గదిలో తలుపేసుకుని, పాలు పిండే మిషను పెట్టుకుని, సీసా నింపి ఫ్రిజ్‌లో పెడతాను. మళ్ళీ బుడ్డోడు నా దగ్గర తాగేది సాయంత్రమే. ఆ మిషను కడగడం, సీసాలు మరగబెట్టడం, ఆరబెట్టడం, సంచీ సర్దడం, వీటికి ఎవరూ జీతం ఇవ్వరు, ఎవరూ వాసనా చూడరు.

మనకున్న జాగ్రత్త మన నుదుటి మీద రాసి ఉండదు. నా మీద మచ్చ వేసింది ఒక శుక్రవారం బస్సు. ఆ రోజు పక్కాయన గ్లాసు ఒలికి నా చేతి మీదంతా పడింది. కడుక్కున్నా జాకెట్టు చేతి అంచుకి వాసన మిగిలిపోయింది. పైగా బస్సులో ఎవరి పిల్లో ఏడ్చింది. పరాయి పిల్ల ఏడ్చినా సరే, పాలకి తనా పరా ఉండదు. రొమ్ము దగ్గర రెండు వైపులా తడి గుండ్రంగా పాకింది. పక్క సీట్లో ఉన్నది మా అత్తయ్యకి జాకెట్లు కుట్టే దర్జీ ఆవిడ. ముందు నా ఛాతీ వైపు చూసింది, తర్వాత గాలి పీల్చింది, ఆ తర్వాత గానీ నా ముఖం చూడలేదు.

"ఏమ్మా, పాలిచ్చే తల్లివేనా నువ్వు? ఆ కంపేంటి?" అంది బస్సంతా వినేలా.

"ఉద్యోగం అండీ. బీరు కంపెనీలో" అన్నాను.

"కంపెనీ వాళ్ళు తయారు చెయ్యమన్నారా, తాగమన్నారా?"

నిజానికి తాగమనే అన్నారు. ఆ మాట అక్కడ చెబితే నెగ్గేది కాదు. వెనక సీట్లో ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, "మా రోజుల్లో తల్లులంటే ఎలా ఉండేవారు" అని మొదలుపెట్టాడు. ఆయన మాటల్లో కంటే ఊపిరిలో బీరు ఎక్కువుంది. మా కంపెనీది కాదు, అవతలి కంపెనీది, నిల్వ సరుకు, తడిసిన అట్ట వాసన. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఆయన వైపు ఎవరూ తిరిగి చూడలేదు. ఒకావిడ తన పిల్లని నా వైపు నుంచి అటుపక్కకి జరుపుకుంది. నాకు కోపం రాలేదు గానీ, ఆ జరపడం చూశాక ఒళ్ళో సంచీని దగ్గరికి లాక్కున్నాను. కండక్టరు వచ్చి, "టికెట్, టికెట్. తాగినోళ్ళూ తాగనోళ్ళూ అందరూ తియ్యాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్ళేదాకా సంచీని గుండెలకి అదుముకునే కూర్చున్నాను.

నాకంటే ముందు కబురు ఇల్లు చేరింది. అసలే ముందురోజు బుడ్డోడు కాస్త పాలు కక్కాడు. పిల్లలు కక్కుతారు. మావాడు కక్కితే మాత్రం అది కంపెనీ పాలు.

శనివారం సాయంత్రం మా ఆయన తీరిగ్గా కూర్చుని నన్ను పిలిచాడు. మా కంపెనీ ఉద్యోగులకి నెలకో పెట్టె బీరు ఇస్తుంది. నా పేరు మీద వచ్చే ఆ పెట్టెని మా మావయ్యా, మా ఆయనా కలిసి శనివారాలు ఖాళీ చేస్తారు. నేను గ్లాసులు కడిగి పెడతాను. తాగాక మా ఆయనకి బుడ్డోడి మీద ప్రేమ పొంగుతుంది. వాణ్ణి ఎత్తుకుని గుండ్రంగా తిప్పుతాడు, ముఖమంతా ముద్దులు పెడతాడు. "వాడికి పిల్లాడంటే ప్రాణం" అంటుంది అత్తయ్య. నోరు కడుక్కొచ్చావా అని ఏ శనివారమూ అడగలేదు.

"మీ మేనేజరు లేబుళ్ళ పని ఇస్తానన్నాడు కదోయ్" అన్నాడు మా ఆయన, నురగ మూతి మీంచి తుడుచుకుంటూ. "జీతం అంతే కదా. సీసా మీద అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవడం. నీడపట్టున పని."

"నా కుర్చీ?"

"కుర్చీకేముంది, ఎక్కడైనా ఉంటుంది."

మేనేజరు గారు సోమవారానికల్లా ఏదో ఒకటి చెప్పమన్నారు. "తల్లివి కదమ్మా, బాబు పాలు మానేదాకా" అన్నారు. ఆ మానేదాకా అయ్యాక ఆ కుర్చీలో ఇంకెవరో ఉంటారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ బల్ల దగ్గర నా మాటకి ఒక ట్యాంకు ఆగుతుంది. ఈ ఇంట్లో నా మాటకి టీవీ కూడా ఆగదు. నాకు ఆ కుర్చీ కావాలి. అంత సూటిగా అనుకున్నది ఆ పూటే.

మర్నాడు, ఆదివారం సాయంత్రం, బల్ల మీద మూడు స్టీలు గ్లాసులు పెట్టాను. ఒక్కోదాంట్లో రెండు చెంచాల పాలు, నావే. మా కంపెనీలో కొత్తవాళ్ళకి పెట్టే పరీక్ష ఇది. మూడింట్లో రెండు ఒకటే, ఒకటి వేరు. ఆ వేరేదాన్ని పట్టుకోవాలి.

"రెండు రకాలున్నాయి" అన్నాను. "కంపెనీకి వెళ్ళిన రోజు సాయంత్రం పిండినవీ, ఇవాళ సెలవు రోజువీ. పిల్లాడికి తేడా చేస్తోందంటున్నారు కదా. ఆ తేడా ఎందులో ఉందో చెప్పండి. చెబితే రేపే లేబుళ్ళకి మారిపోతాను."

మా ఆయన ముఖం చిట్లించాడు. "ఛీ ఛీ. నేను తాగడమేంటి?"

"మీ అబ్బాయి తాగుతున్నాడు కదా."

"వాడంటే వాడు. నువ్వేమైనా గేదెవా, ఇలా పాలు పిండి రుచి చూపిస్తున్నావు?"

"గేదెని ఎవరూ నోరు కడుక్కొచ్చావా అని అడగరండీ. దానికి ఆ మర్యాదైనా ఉంది."

మావయ్యకి ఉన్నట్టుండి మొక్కలకి నీళ్ళు పొయ్యాలని గుర్తొచ్చింది. వరండాలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య కాసేపు గ్లాసుల వైపు చూసి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇటు తే" అంది.

ఆవిడ రుచి చూడడం చూసి నేను కళ్ళప్పగించాను. ముందు వాసన. తర్వాత నాలుక కొసన ఓ చుక్క. కళ్ళు మూసుకుంది. నోట్లో తిప్పింది. మధ్యలో అడగకుండానే మంచినీళ్ళతో పుక్కిలించింది. మా దగ్గర కొత్తవాళ్ళకి ఇది నేర్పడానికి నెలలు పడుతుంది. రెండోసారి మూడూ చూసి, నడిమి గ్లాసు ముందుకి తోసింది.

"ఇదే వేరేది. తక్కినవి రెండూ తియ్యగా ఉన్నాయి. దీంట్లో ఘాటుంది. మందు ఘాటు."

"చూశావా?" అన్నాడు మా ఆయన లేచి నిలబడి.

వేరేదాన్ని నిజంగానే పట్టుకుంది. నడిమి గ్లాసు ఎత్తి, అడుగున నేను అంటించిన చీటీ చూపించాను. ఆదివారం మధ్యాహ్నం, సెలవు.

అత్తయ్య గ్లాసు మళ్ళీ అందుకుంది. ఇంకో చుక్క వేసుకుంది. ఆవిడ కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"వెల్లుల్లి" అంది.

పని రోజుల్లో మేం వెల్లుల్లి ముట్టుకోకూడదు, ముక్కు చెడుతుంది. అందుకని పాలు పడతాయంటూ అత్తయ్య వారానికి సరిపడా వెల్లుల్లి ఆదివారం ఒక్కపూటే నాకు పెట్టేస్తుంది. దగ్గర కూర్చుని ముద్దముద్దకీ రెబ్బ పెట్టి మరీ తినిపిస్తుంది.

"అయితే పిల్లాడికి పడనిది నీ వంటన్నమాట" అన్నాడు మావయ్య వరండాలోంచి, చెంబు పట్టుకునే.

"మీరు మొక్కలు చూసుకోండి" అంది అత్తయ్య. అని, నా వైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసుకుంది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఇలా కూర్చుని ఇది బాగుంది, ఇది బాగాలేదు అంటే జీతమిస్తారటే అమ్మాయ్?"

"ఇస్తారత్తయ్యా."

"ఈ ఇంట్లో జీవితమంతా రుచి చూసి వడ్డించాను. ఉప్పు తక్కువైందన్న మాట తప్ప పైసా రాలేదు."

ఆ రాత్రి నవ్వుతూనే పడుకోవాల్సింది. కానీ నాకొక ఆలోచన వచ్చింది. ఆవిడ చెప్పింది మరోలా తేలి ఉంటే? నాలుక కొసన చుక్క కొంచెం అటో ఇటో అయి, వేరే గ్లాసు తోసి ఉంటే? డాక్టరమ్మ మాట, నా లెక్క, నా జాగ్రత్త అన్నీ గాలికి వదిలేసి, తెల్లారి వెళ్ళి లేబుళ్ళ ముందు కూర్చునేదాన్ని. నా ఒంట్లోంచి వచ్చిందాన్ని నేనే గ్లాసుల్లో పోసి, మార్కులు వెయ్యండని అందరి ముందూ పెట్టాను. నెగ్గాను నిజమే. అయినా పరీక్షకి ఒప్పుకున్నదాన్ని నేనే కదా. ఇంక ఒప్పుకోనని అనుకున్నాక నిద్ర పట్టింది.

సోమవారం మేనేజరు గారు, "ఏం ఆలోచించావమ్మా?" అన్నారు.

"లేబుళ్ళ పని నాకొద్దు సార్. ఆ గదికి మాత్రం లోపలి గడియ పెట్టించండి. పాలు పిండుకుంటున్నప్పుడు కాలితో తలుపు ఆపుకోవాల్సొస్తోంది."

ఆయన ఇంకేదో అనబోయారు. "బాబు సంగతి నేనూ మా డాక్టరూ చూసుకుంటాం సార్" అని, వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ పూట రెండో గ్లాసు వెన్న వాసన కొట్టింది. నలుగురూ బాగుందన్నారు. నేను ఆపమన్నాను. ఆపారు.

ఆ సాయంత్రం గుమ్మంలో అత్తయ్య అలవాటుగా నోరు తెరిచింది. "నోరు కడుక్కోలేదత్తయ్యా, ఇంక కడుక్కుని రాను. బుడ్డోణ్ణి ఇవ్వండి" అన్నాను. ఆవిడ ఓ క్షణం చూసి ఇచ్చింది.

ఆ వచ్చిన శనివారం పొద్దున్నే మా ఆయనతో చెప్పాను. "ఇవాళ మీరు తాగొద్దు. బుడ్డోణ్ణి మీరు చూసుకోవాలి. నా పాలు రెండు సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, ఆకలేస్తే వెచ్చబెట్టి పట్టండి."

"నువ్వెక్కడికి వెళ్తున్నావు?"

"ఎక్కడికీ వెళ్ళను. వరండాలోనే ఉంటాను."

సాయంత్రం వాడికి కడుపునిండా పాలిచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. ఒక బీరు సీసా మూత తీసి, గ్లాసు నింపుకుని, వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వీధిలో వెళ్తున్న దర్జీ ఆవిడ నన్నూ నా గ్లాసునీ చూసి ఆగింది. తలూపాను. ఏమనుకుందో, తనూ తలూపి వెళ్ళిపోయింది. లోపల బుడ్డోడు ఏడుపందుకున్నాడు. "ఏమోయ్, వీడికేం కావాలి?" అని మా ఆయన కేకేశాడు. "నాకేం తెలుసు, వాణ్ణే అడగండి" అన్నాను. ఇంట్లోంచి అత్తయ్య నవ్వు వినబడింది.

బుడ్డోడు పుట్టాక నేను తాగిన మొదటి బీరు అది. అంతకుముందంతా నేను చేసింది ఉద్యోగం.