చక్రం తిరగని కొండసీమ

కంప్యూటర్ ఆటలు తయారుచేసే మా ఆఫీసులో నా పని కథలు రాయడం. ఎవరూ చదవని కథలు. ఆట కొనుక్కున్నవాళ్ళు కత్తి పట్టుకుని పరిగెత్తుతారే తప్ప, ఆ కోట ఎవరు కట్టారో, ఆ రాజుకు కన్ను ఎందుకు పోయిందో నిలబడి చదవరు. అయినా ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తాను. అందరూ నన్ను కథలమ్మ అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

ఆ రోజు రాగానే మేనేజరు పిలిచాడు. పక్కన డేగ కూర్చుని ఉంది. మా ఆట ఆడి తప్పులు పట్టడం ఆ అమ్మాయి ఉద్యోగం. దాని కంటబడకుండా ఏదీ తప్పించుకోలేదు కాబట్టి ఆ పేరు పెట్టాం.

"నదికి ఇవతల రేవుపట్నం," అంది డేగ, తెర మీద వేలు పెట్టి. "ఆవిరి బండ్లు, ఫిరంగులు, గంటలు కొట్టే గడియారాలు. అవతల కొండసీమ. అక్కడ ఎడ్లబండి కూడా లేదక్కా! అన్నీ నెత్తిన మోసుకుంటున్నారు. మధ్యలో వంతెన ఉంది. తరతరాలుగా వచ్చిపోతున్నవాళ్ళు ఒక్క చక్రం చూసి నేర్చుకోలేరా?"

"ఆడేవాళ్ళు నవ్విపోతారు," అన్నాడు మేనేజరు. "సాయంత్రంలోగా నమ్మదగ్గ కారణం ఒకటి చెప్పండి. లేకపోతే కొండసీమ తీసేద్దాం. ఎలాగూ ఒక్క మనిషి పనేగా అది."

ఆ ఒక్క మనిషి బాబాయి. ఎవరికీ సొంత బాబాయి కాదు, వయసులో అందరికన్నా పెద్దవాడని అందరికీ బాబాయి అయ్యాడు. కొండసీమలో ప్రతి ఇల్లూ, ప్రతి మేకా ఆయన గీసినవే. అది తీసేస్తే ఆయనకు ఇక్కడ పని లేదు. ఆ వయసులో ఇంకెవరూ పిలిచి పని ఇవ్వరు. మేనేజరు ఆ మాట పైకి అనలేదు, అనాల్సిన అవసరమూ లేదు.

నా సీటుకు వచ్చి బుర్ర గోక్కుంటూ కూర్చున్నాను. కొండల్లో ఇనుము దొరకదని రాశాను. డేగ నా భుజం మీదుగా చూసి, "ప్రతి ఇంటి చూరులో కొడవలి ఉందక్కా," అంది. బండి నడవడానికి దారులు బాగా లేవని రాశాను. "మధ్యలో అరచెయ్యిలాంటి మైదానం ఉంది, చూడలేదా?" వాళ్ళ దేవుడికి చక్రం గిట్టదని రాశాను. "మరి వాళ్ళ గుడి గోడ మీద రథం బొమ్మ ఎందుకుంది?" చివరికి శాపం అని రాయబోయి నేనే ఆగిపోయాను. మా వృత్తిలో శాపం అంటే రాసేవాడికి ఏమీ తోచలేదని అర్థం.

మధ్యాహ్నం అయ్యేసరికి తల దిమ్మెక్కింది. ఊహించి చావడం ఎందుకు, గీసినవాణ్ణే అడుగుదామని బాబాయి దగ్గరికి వెళ్ళాను.

ఆయన బల్ల అద్దాల గోడ పక్కన ఉంటుంది. గోడకు అవతల రేవుపట్నం టీమ్, గది నిండా మనుషులు, కొత్త మెషీన్లు. ఇవతల బాబాయి, ఆయన కంప్యూటరు. దగ్గరికి వెళితే ఆ కంప్యూటరు రొదలో మాట వినపడదు.

"బాబాయ్, నిజం చెప్పు. కొండసీమలో ఒక్క బండి అయినా ఎందుకు పెట్టలేదు?"

"వాళ్ళు అలాంటివాళ్ళమ్మా."

"ఎలాంటివాళ్ళు? సాయంత్రానికి చెప్పకపోతే మొత్తం తీసేస్తారట. నీ పనీ పోతుంది."

 ఆయన ఒక పాత ఫైలు తెరిచాడు. అందులో చక్కని ఎడ్లబండి ఉంది. కాడి, ఇరుసు, ఆకులు, అన్నీ ముచ్చటగా గీశాడు. బండిని కదిలించే మీట నొక్కాడు. చక్రం పావు వంతు తిరిగింది. లోపలి ఫ్యాను ఏడుపు లంకించుకుంది. తెర బిగుసుకుపోయింది.

"తిరిగేది ఏదైనా పెడితే ఇంతే," అన్నాడు. "బండి, తిరగలి, గాలిమర, ఏదీ కుదరదు. అందుకని అన్నీ మనుషుల చేత మోయించాను. నడిచే మనిషికి ఇది ఏడవదు."

 ఒక జాతి చరిత్ర మొత్తం ఈ డొక్కు డబ్బా నిర్ణయించింది!

"కొత్తది అడగొచ్చుగా?"

"కొత్తలో అడిగాను. చూద్దాం అన్నారు. మళ్ళీ అడగలేదు."

"పోనీ పక్కగదిలో మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు..."

"వాళ్ళని అడగాలి కదమ్మా," అన్నాడు, అదేదో కొండ ఎక్కడం అన్నట్టు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత పెద్దమనిషికి ఇంత మొండితనమేమిటని తిట్టబోయాను. అంతలోనే మా ఇల్లు గుర్తొచ్చింది. మేడ మీద మా తోడికోడలి వాటాలో బట్టల మెషీన్ ఉంది. కింద నేను బకెట్ల ముందు కూర్చుని చేత్తో ఉతుకుతాను. మెట్లెక్కి "అక్కా, ఒక్కసారి వేసుకోనా" అంటే ఆవిడ కాదనదు. కాదనదని నాకు తెలుసు. కానీ వేసుకోమన్నాక ఒక చిన్న నవ్వు నవ్వుతుంది. ఆ నవ్వు పడలేకే నా నడుము పడిపోతోంది. బాబాయిని తిట్టే మొహమా నాది?

తిరిగి వచ్చి ఒక్క బిగిని రాశాను.

"కొండవాళ్ళకు చక్రం తెలియక కాదు. వంతెన దాటిన ప్రతివాడూ చూశాడు, చేత్తో తాకి చూశాడు. కానీ రేవువాళ్ళ దగ్గర ఏదైనా నేర్చుకోవాలంటే ముందు వాళ్ళ గుమ్మం ముందు నిలబడి అడగాలి. పూర్వం ఒకసారి అడిగారు. రేపు రమ్మన్నారు. కొండవాళ్ళు మళ్ళీ వెళ్ళలేదు. నెత్తిన మోసే బరువు దింపుకోవచ్చు, అడిగిన మాట దింపుకోలేం అంటారు వాళ్ళు."

డేగ చదివింది. మళ్ళీ చదివింది. "దీంట్లో నాకేం దొరకలేదక్కా," అంది, కాస్త నిరాశగా. మేనేజరుకు తెగ నచ్చేసింది. "కొండసీమ ఉంటుంది!" అన్నాడు. అలసట అంతా ఎవరో చేత్తో తీసేసినట్టయింది నాకు. చాలా రోజుల తర్వాత నా రాత ఒక మనిషికి అన్నం పెట్టింది.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. పరుగున బాబాయి దగ్గరికి వెళ్ళాను.

"గండం గడిచింది బాబాయ్! ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ఇప్పుడే వెళ్ళి కొత్త మెషీన్ అడుగు."

"వద్దులేమ్మా."

"నోరు తెరిస్తే ముత్యాలేం రాలిపోవు! లే ముందు."

ఆయన లేచాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు, కాలరు సరిచేసుకున్నాడు, పెళ్ళిచూపులకు వెళ్తున్నవాడిలా మేనేజరు గదిలోకి వెళ్ళాడు. నేను అక్కడే, ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను.

ఎంతోసేపు పట్టలేదు. వచ్చి కూర్చున్నాడు.

"అడిగాను," అన్నాడు.

"ఏమన్నాడు?"

"'చక్రమే లేని చోటికి కొత్త మెషీన్ ఎందుకు బాబాయ్? ఉన్నది చాలుగా' అన్నాడు. నవ్వుతూనే అన్నాడులే. నువ్వు రాసింది చూపించాడు. ఇక ఎప్పటికీ చక్రం పెట్టకూడదట, పెడితే కథ చెడుతుందట."

 సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "నేను వెళ్ళి మాట్లాడతాను బాబాయ్. నా కథ, నేను మార్చుకుంటాను."

"మారిస్తే మళ్ళీ తీసేస్తామంటారు. ఊరుకో." మేనేజరు పంపిన నా పేరాను తెర మీద తెరిచాడు. దాన్ని మెల్లగా పైనుంచి కిందికి చదివాడు. "బాగా రాశావమ్మా," అన్నాడు, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా. "అచ్చం మావాళ్ళే."

అద్దం అవతల రేవుపట్నం గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. బాబాయి ఆ ఎడ్లబండి ఫైలు చెరిపేశాడు. కొండదారి తెరిచి, దాని మీద ఒక పెద్ద మూట గీయడం మొదలుపెట్టాడు. దాన్ని మోసే మనిషిని ఇంకా గీయలేదు.

"దీన్ని ఎవరి నెత్తిన పెట్టమంటావమ్మా?" అని అడిగాడు.