మూడో గదిలో తేమ

పొద్దున ఆరింటికి మూడో గదిలో దీపాలు వెలిగాయి. జిసెల్ ఆకులు పక్కకి తీసి, లావుపాటి పూగుత్తి ఒకటి రెండు వేళ్ళతో విప్పి చూసింది. లోపల బూడిదరంగు బూజు. దాని కింద కాడ మెత్తగా కుళ్ళి వేలికి అంటుకుంది. తడిగుడ్డ నెల్లాళ్ళు మూలన పడేస్తే వచ్చే వాసన. చేతి తొడుగు తీసి పారేసి ఇంకోటి వేసుకుని పక్క మొక్క చూసింది. అదీ అంతే. దాని పక్కదీ అంతే.

కెనడాలో సడ్‌బరీ ఊరి చివర పాత షెడ్డులో లైసెన్సుతో నడుస్తున్న గంజాయి కంపెనీ అది. జిసెల్ అక్కడ పెంపకానికి పెద్ద. పంట బయటికి పోవాలంటే ఆమె సంతకం ఉండాలి. మిగతా గదుల సరుకు దుకాణాలకి పోతుంది గానీ మూడో గదిది డాక్టరు చీటీ ఉన్న రోగులకే. వాళ్ళలో ఆమె బాబాయి ఆల్ఫాన్స్ ఒకడు. ముప్పై ఏళ్ళు నికెల్ గనిలో చేసిన మనిషి. ఇప్పుడు కేన్సర్ మందులు ఎక్కించుకుంటున్నాడు. ఈ పూల ఆవిరి నాలుగు దమ్ములు పీలిస్తే గానీ రెండు చెంచాల బఠాణీ సూపు గొంతు దిగదు. వేరే కంపెనీది ముట్టడు. "నువ్వు పెంచిందైతే కళ్ళు మూసుకుని పీలుస్తానే అమ్మడూ" అంటాడు.

గోడ మీద తెరలో తేమ నలభై ఎనిమిది శాతం అని ఉంది. రాత్రంతా గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. ఆ గీతంటే జిసెల్‌కి ఎంత గర్వమో. ఏప్రిల్ నుంచి ఈ నవంబరు దాకా ఒక్క వంకర లేదు. ఎవరైనా వస్తే ఫోను తీసి మరీ చూపించేది. ఇప్పుడు జేబులోంచి చేతి మీటరు తీసి గుత్తుల మధ్యకి దూర్చింది. డెబ్బై రెండు.

ఆమెకి ఒళ్ళు మండింది. గోడ తెర నుంచి వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోయింది. మొక్కల నడుమ, పూల ఎత్తున వేలాడాల్సిన తేమ సెన్సర్, స్తంభం చాటున ఉంది. తేమ లాగే యంత్రం పొడిగాలి ఊదే మూతి ముందు, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టేసి ఉంది. పట్టీ మీద దుమ్ము పేరుకుంది.

యజమాని గార్నెట్ కాఫీ చప్పరిస్తూ వచ్చాడు.

"ఇది ఇక్కడ కట్టిందెవరు?" అంది జిసెల్.

"నేనే. ఏం?"

"నీకసలు బుద్ధుందా? పొడిగాలి మూతి మీద కడితే అది ఎండిపోయిన లెక్క కాక ఇంకేం చెబుతుంది?"

"రాత్రి దీపాలు ఆరగానే తేమ పెరగడం, నా ఫోను కుయ్యోమొర్రో అనడం. మా ఆవిడ పక్క గదిలోకి మకాం మార్చేసింది. అక్కడ కట్టాక హాయిగా ఉంది. తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా మెచ్చుకున్నారుగా."

జిసెల్ కుళ్ళిన గుత్తి తెంపి అతని ముక్కు కింద పెట్టింది. అతను కాఫీ కప్పు మాత్రం పక్కకి జరిపాడు.

"పైపైన కోసి పారెయ్యి. మిగతాది రేడియేషన్‌కి పంపుదాం. బూజు చస్తుంది, పరీక్ష పాసవుతుంది. కొత్తేముంది ఇందులో?"

"చచ్చిన బూజు ఎక్కడికి పోతుంది? అందులోనే ఉంటుందిగా."

"చచ్చాక ఇంకేం చేస్తుందిలే."

"నీ సూపులో ఎలక పడితే, ఉడికిందిలే అని తాగుతావా?"

గార్నెట్ నవ్వాడు. ఆ పళ్ళు చూస్తే జిసెల్‌కి బూజు చూసినదానికన్నా ఎక్కువ అసహ్యం వేసింది.

"ఎప్పుడు కట్టావు?" అంది.

"ఏప్రిల్‌లో. పోయిన రెండు పంటలూ అలాగే వెళ్ళాయి, రేడియేషన్ చేయించుకుని. వాటి మీద సంతకాలు నీవే కదమ్మా. అప్పుడు రాలేదా వాసన?"

రాలేదు. ఎందుకొస్తుంది? అంతకుముందు రోజూ పొద్దున్నే గుత్తులు విప్పి చూసేది. గీత నున్నగా వచ్చాక ఆ పని మానేసింది. పక్క మీద పడుకునే ఫోను చూసుకునేది, బాగుందని సంతకం గీకేది. కోతలప్పుడు కత్తిరించేవాళ్ళు పైన నల్లబడ్డవి ఏరేస్తుంటే మామూలేలే అనుకుంది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. గార్నెట్‌ని తిట్టిన నోటితోనే తనని తాను తిట్టుకుంది.

భోజనాల గదిలో కూర్చుని, లైసెన్సు ఇచ్చిన ప్రభుత్వ శాఖకి ఫోనులోనే ఉత్తరం రాసింది. ఈ పంట ఆపాలి, పంపిన రెండూ వెనక్కి రప్పించాలి, పెంచినదాన్ని నేనే, సంతకాలు నావే.

గుమ్మంలోంచి గార్నెట్ అన్నాడు, "అది పంపావంటే నీకూ ఉద్యోగం ఉండదు."

"వద్దు. నువ్వు వేడుకున్నా వద్దు" అని పంపేసింది.

తర్వాత బాబాయికి ఫోను చేసింది. అవతల చాలాసేపు దగ్గు, ఆ తర్వాత గొంతు.

"బాబాయ్, మా కంపెనీ డబ్బాలు ఎన్నున్నా పారెయ్. ఒక్క దమ్ము కూడా పీల్చకు."

"ఇంకెక్కడి డబ్బాలే? అడుగున పొడి కూడా గీకి పీల్చేశాను. నీ చేతి పంట పారేసుకుంటానా?"

జిసెల్ అడిగింది.

"ఈ దగ్గు ఎప్పటినుంచి?"

"ఆగస్టు నుంచనుకుంటా. గని దుమ్ము ఇన్నాళ్ళకి బయటపడుతోందిలే. నువ్వు బెంగపడకుండా ఇంకో డబ్బా పంపు. అది పీలిస్తే కాస్త నెమ్మదిస్తుంది."